తాడు లేని నిమిషాలు: మల్లికి ఇంట్లోనే దువ్వడం, స్నానం, గోళ్ళు – ఎనిమిది నెలల డైరీ

మల్లి నాలుగేళ్ళ ఆడకుక్క, ఇండియన్ స్పిట్జ్. మా కోనసీమలో తెల్లగా, బొచ్చుగా ఉన్న ప్రతి కుక్కనూ పొమేరియన్ అంటారు కాబట్టి దీన్నీ అలాగే పిలిచేవారు. మా వీధివాళ్ళు హైదరాబాదుకు మారిపోతూ మే నెలలో మాకు అప్పగించారు. అప్పగిస్తూ ఆ ఇంటావిడ చెప్పిన మాట ఇది: "దువ్వాలని చూడకండమ్మా, కరుస్తుంది. ఒకసారి పట్నంలో ఒక దుకాణానికి తీసుకెళ్తే ముగ్గురు అదిమిపట్టి మిషనుతో గొరిగేశారు. అప్పటినుంచి దువ్వెన కనబడితే మంచం కిందే."

ఆ గొరుగుడు జరిగి ఏడాది దాటినా వీపు మీద రెండుచోట్ల బొచ్చు పలచగానే ఉంది. ఈ జాతికి బొచ్చు రెండు పొరలు. పై పొర ఎండనూ వాననూ ఆపుతుంది, లోపలి దూది పొర వేడికీ చలికీ అడ్డుగా ఉంటుంది. మొత్తం గొరిగేస్తే పై పొర తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది, కొన్నిచోట్ల సరిగా రాదు కూడా. అందుకే "ఎండలు మండుతున్నాయి, గుండు చేయించెయ్యండి" అన్నవాళ్ళ మాట నేను వినలేదు.

నేను అంబాజీపేట దగ్గర పల్లెలో, ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. కొలవనిదే కత్తెర పెట్టే అలవాటు లేదు. ఈ పనికీ ఒక కొలత పెట్టుకున్నాను: తాడు కట్టకుండా, చేత్తో పట్టుకోకుండా, మల్లి తనంతట తాను నా చేతి కింద ఎంతసేపు ఉంటుందో ఫోనులో చూసి రాసుకోవడం. ఎన్ని జడలు విప్పాను, ఎంత బొచ్చు తీశాను అన్నవి దాని తర్వాతి లెక్కలు. ఆ క్రమం తప్పిన రోజుల్లోనే దెబ్బలు తిన్నాను. అవన్నీ కింద ఉన్నాయి.

మొదటి దశ: కొలతలు (మే 18 – 24)

ఈ వారం దువ్వెన ముట్టుకోలేదు. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు దూరం నుంచి చూసి జడలు కట్టిన చోట్లు లెక్కపెట్టాను. చెవుల వెనక 4, ముందుకాళ్ళ చంకల్లో 6, తొడల వెనక తోక కింద 11, మెడపట్టీ కింద 2. మొత్తం 23. పెద్దది నిమ్మకాయంత.

తరువాత, జాకెట్లకు నమూనా గీసే ఖాకీ కాగితం మీద మల్లి బొమ్మ రెండు వైపులా గీశాను. చెయ్యి వేస్తే ఊరుకునే చోట తెల్ల సుద్ద, తల తిప్పుకునే చోట నీలం సుద్ద, మూతి బిగించే చోట ఎర్ర సుద్ద. మొదటి బొమ్మలో తెలుపు ఉన్నది వీపు మధ్యలో నా అరచేయంత మేర మాత్రమే. నాలుగు కాళ్ళూ ఎరుపు. ఈ కాగితం ప్రతి దశ చివర కొత్తగా గీశాను. దీన్ని కాపీ చేయమని అందరికీ చెబుతాను, ఎందుకంటే "బాగానే అలవాటైంది" అని మనకు మనం చెప్పుకునే మాటను ఈ కాగితం ఒప్పుకోదు.

కొన్నవి: పళ్ళు ఒకవైపు ఎడంగా, ఒకవైపు దగ్గరగా ఉన్న స్టీలు దువ్వెన 180 రూపాయలు, సన్నటి వంకర తీగలున్న స్లిక్కర్ బ్రష్ 320. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ దువ్వెన ఈ బొచ్చులో పైపైనే తిరుగుతుంది, లోపలి పొరకు అందదు. పైన నున్నగా కనిపిస్తూ కింద జడలు కట్టడానికి అదే కారణం.

ఇప్పటికి: ఖర్చు 500. దువ్విన పూటలు 0. తాడు లేని సమయం 20 సెకన్లు.

రెండో దశ: చెయ్యి (మే 25 – జూన్ 22)

మొదటి తప్పు వెంటనే చేశాను. వసారా స్తంభానికి పొట్టి తాడుతో కట్టి, బ్రష్ పట్టుకున్నాను. గుర్రుమంది. "నోరుముయ్" అని గట్టిగా కసిరాను. మర్నాడూ అంతే, మళ్ళీ కసిరాను. మూడో రోజు గుర్రుమనలేదు. నేను నెమ్మదించిందనుకొని తొడ దగ్గరకు వెళ్ళాను. చప్పుడు లేకుండా తిరిగి బొటనవేలి కింద కరిచింది.

సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగాను. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ సూది మొదలుపెట్టించుకున్నాను: మొదటి రోజు, తరువాత 3, 7, 28వ రోజుల్లో. మల్లికి ఏటా టీకా వేయించిన కాగితం ఉన్నా సూది మానవద్దని చెప్పారు. పది రోజులు మల్లిని కనిపెట్టి ఉండమన్నారు. మీకూ ఇలా జరిగితే గాయానికి పసుపో కారమో పెట్టి కూర్చోకండి.

పశువుల డాక్టరుగారు చెప్పింది నాకు బాగా తగిలింది. "గుర్రుమనడం మీకు ఇచ్చిన నోటీసమ్మా. కసిరి దాన్ని మాన్పించారు. భయం మాత్రం పోలేదు, అందుకే ఈసారి నోటీసు లేకుండా కరిచింది." ఆయన ఇంకొన్ని గుర్తులు చూపించారు: ఆకలి లేకుండా పెదవులు నాకడం, నిద్ర రాకుండా ఆవలించడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా చూడటం, తోక కిందకు ముడవడం. గుర్రుమనే ముందు ఇవన్నీ వస్తాయి. నేను బ్రష్‌నే చూస్తూ మొహం చూడటం మరిచిపోయాను.

కొలత టేపు మెడకు తగలగానే బిగుసుకుపోయే చిన్నపిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకి ముందు టేపు చేతికిస్తాను, అది వాళ్ళే లాగి ఆడుకున్నాక కొలత తీస్తాను. మల్లి దగ్గర ఆ బుద్ధి ఎందుకు పుట్టలేదో ఆ రాత్రంతా ఆలోచించాను. తాడు తీసి అటక మీద పెట్టాను. పద్ధతి ఇలా మార్చాను:

1. చిన్న పీట మీద గోనెసంచి మడిచి వేసి, పక్కన నేల మీద నేను కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే దానికి దారి మూసినట్టు ఉంటుంది.
2. మల్లి గడ్డం పీట మీద ఆనించగానే ఒక తాయిలం. ఉడికించిన కోడి కార్జం, శనగగింజంత ముక్కలు. ఉప్పు, మసాలా ఉండకూడదు.
3. గడ్డం పీట మీద ఉన్నంతసేపే చెయ్యి వీపు మీద. గడ్డం లేచిందంటే చెయ్యి కూడా లేవాలి, ఆ క్షణంలోనే.
4. రెండుసార్లు వరుసగా గడ్డం లేపితే ఆ పూటకు ఆపెయ్యాలి.
5. చెయ్యి అలవాటయ్యాక బ్రష్ వెనక వైపు, అంటే తీగలు లేని వైపు. ఆ తరువాతే తీగల వైపు.

మూడో మెట్టే కష్టం. ఇంకొక్కసారి దువ్వితే అయిపోతుంది అనిపించినప్పుడు చెయ్యి తీయాలి. మా అమ్మాయి పక్కన కూర్చుని "అమ్మా, లేపింది" అని చెప్పేది. నేను ఐదుసార్లలో రెండుసార్లు ఆలస్యంగా తీస్తున్నానని అది లెక్కపెట్టి చెప్పాకే నాకు తెలిసింది.

ఇంకొక పొరపాటు. దగ్గరవ్వాలని కళ్ళలోకే చూస్తూ కూర్చునేదాన్ని. భయపడే కుక్కకు ఆ చూపు బెదిరింపు. చూపు భుజం మీదకు మార్చాక గడ్డం నిలిచే సమయం రెండు రోజుల్లో 15 సెకన్ల నుంచి 40 సెకన్లకు పెరిగింది.

ఇప్పటికి: ఖర్చు 500. పూటలు 31. తీసిన బొచ్చు 9 గ్రాములు. తాడు లేని సమయం 4 నిమిషాలు. బొమ్మలో వీపు, మెడ, పక్కలు తెలుపు. చంకలు, తొడలు, పాదాలు ఎరుపే.

మూడో దశ: జడలు (జూన్ 23 – జూలై 13)

స్నానం ఇంకా చేయించలేదు. వేసవిలో కాలువలు కట్టేసి ఉన్నాయి, మా బోరు నీళ్ళు ఉప్పన, అదొక కారణం. అసలు కారణం జడలు. జడ మీద నీళ్ళు పడితే బిగుసుకుపోయి పీచుతాడులా తయారవుతుంది. ముందు విప్పాలి, తరువాతే తడపాలి.

పక్కింటి పిన్నిగారి సలహాతో మొదట కొబ్బరినూనె రాశాను. కోనసీమలో ప్రతి కష్టానికీ ముందుగా చెయ్యి వెళ్ళేది నూనె సీసా మీదకే. మూడు జడలకు రాస్తే ఒకటి కాస్త జారింది. మిగతా రెండూ సాయంత్రానికి దొడ్డిలోని మట్టిని, కొబ్బరిపీచు పొట్టును పట్టుకొని రాయిలా తయారయ్యాయి. పైగా రాసిన నూనెంతా నాకేసి మర్నాడు రెండుసార్లు విరేచనాలు. నూనె మానేశాను.

పనిచేసింది మొక్కజొన్న పిండి. చిటికెడు పిండి జడ మీద చల్లి వేళ్ళతో నలిపితే వెంట్రుకలు జారతాయి. చర్మానికీ జడకూ మధ్య వెంట్రుకల మొదళ్ళను రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు లాగుడంతా నా వేళ్ళ మీద పడుతుంది, దాని చర్మం మీద పడదు. జడ కొసల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా మొదలు వైపు రావాలి. మొదటి జడకు మూడు రోజుల్లో కలిపి 40 నిమిషాలు పట్టింది. పదో జడకు 12 నిమిషాలు.

జూన్ 30. ఈ తేదీ రాయడానికి మనసు ఒప్పుకోవడం లేదు, అయినా రాస్తున్నాను. ఎడమ చంకలో జడ విప్పలేక, ఇరవై ఏళ్ళుగా కత్తెర పట్టిన ధీమాతో నా కుట్టు కత్తెర తీశాను. చంకలో చర్మం బట్ట మడతలాగా పలచన. జడను పైకి లాగితే చర్మం కూడా గుడారంలా లేచి దానిలోకి వస్తుంది, చూపుకు తెలియదు. జడతోపాటు 8 మిల్లీమీటర్ల మేర చర్మం తెగింది. మల్లి అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. కుట్టు అవసరం లేదన్నారు, శుభ్రం చేసి మందు రాశారు, 140 రూపాయలు. మర్నాడు పీట చూపిస్తే మంచం కిందకు వెళ్ళిపోయింది. తాడు లేని సమయం: 0.

నాలుగు రోజులు పనిముట్లేవీ తీయలేదు. పీట వేయడం, కార్జం పెట్టడం, లేచిపోవడం. ఐదో రోజు గడ్డం ఆనించింది.

కత్తెర మీద కొత్త కట్టుబాటు:

1. చర్మానికీ జడకూ మధ్య స్టీలు దువ్వెన దూర్చనిదే కత్తెర బయటికి రాకూడదు. దువ్వెన దూరకపోతే ఆ జడ ఆ రోజుకు వదిలెయ్యాలి.
2. కోత ఎప్పుడూ దువ్వెనకు పైనే.
3. జడను అడ్డంగా నరకకూడదు. కుట్లు విప్పే ముల్లుతో, మొన బయటికి ఉండేలా, నిలువుగా రెండు మూడు పాయలు చేసి వేళ్ళతో విప్పాలి. ఇలా చేస్తే బొచ్చు కూడా నష్టపోదు.
4. చంకల్లో, తోక కింద పని పగటి వెలుతురులోనే.

మెడపట్టీ ఇంట్లో ఉన్నప్పుడు తీసేయడం మొదలుపెట్టాక అక్కడ జడ మళ్ళీ కట్టలేదు.

ఇప్పటికి: ఖర్చు 640. పూటలు 52. బొచ్చు 64 గ్రాములు. జడలు 23లో 3 మిగిలాయి. తాడు లేని సమయం 3 నిమిషాలు, అంటే పోయిన దశ కన్నా ఒక నిమిషం తక్కువ. ఆ నిమిషం కత్తెర ఖరీదు.

నాలుగో దశ: స్నానం, ఆరబెట్టడం (జూలై 14 – సెప్టెంబరు 5)

స్నానం చేయించడం కన్నా ఆరబెట్టడం పది రెట్లు కష్టమని ఈ డెల్టాలో వానాకాలం నేర్పింది. మిగతా ఊళ్ళవాళ్ళు ఈ భాగాన్ని తేలిగ్గా దాటేయవచ్చు, మన వైపువాళ్ళు మాత్రం నిదానంగా చదవండి.

మొదటి స్నానం కుంకుడుకాయ పులుసుతో. నా తలకు మంచిదైతే దాని ఒంటికీ మంచిదే అనుకున్నాను. ఒక్క చుక్క కంట్లో పడింది. ఆ కన్ను మర్నాటి దాకా ఎర్రగా, నీరు కారుతూ ఉంది. గుజ్జు లోపలి పొరలో చిక్కుకొని ఎన్ని నీళ్ళు పోసినా జిగట పోలేదు. మనిషి షాంపూ కూడా వద్దని డాక్టరుగారు చెప్పారు. మన చర్మం కాస్త ఆమ్ల గుణం ఉన్నది, కుక్క చర్మం అంత కాదు, మనకు సరిపడేది దాన్ని పొడిబారుస్తుంది. కుక్కల షాంపూ 350 పెట్టి కొన్నాను. ఒక వంతు షాంపూకు ఐదు వంతుల నీళ్ళు ముందే కలిపి సీసాలో పెట్టుకుంటే బొచ్చు అడుగు దాకా వెళ్తుంది, కడగడమూ సులువు. బోరు నీటికి నురగ రాదు, అందుకని పంచాయతీ కుళాయి నీళ్ళు పట్టి ఉంచుతున్నాను. కడగడానికి 14 చెంబులు. పదో చెంబుకే శుభ్రంగా కనిపిస్తుంది, ఆగకూడదు.

ఇక ఆరబెట్టడం. మొదటిసారి పాత నూలు తువ్వాలుతో తుడిచి, మబ్బు పట్టిన ఎండలో వదిలాను. 50 నిమిషాల్లో పైన పొడిగా ఉంది. మూడో రోజు తోక మొదట్లో పుల్లటి వాసన. బొచ్చు విడదీసి చూస్తే రూపాయి బిళ్ళంత ఎర్రటి తడి పుండు. పై పొర ఆరినా లోపలి దూది తడిగానే ఉండిపోయింది, ఆ వెచ్చటి తడిలో చర్మం పుండైంది. మందు 110 రూపాయలు, తగ్గడానికి తొమ్మిది రోజులు.

అప్పటినుంచి తడిని కంటితో నమ్మడం మానేశాను. లైనింగు గుడ్డ ముక్కలు కత్తిరించి పెట్టుకున్నాను. బొచ్చు విడదీసి చర్మానికి ముక్కను పది సెకన్లు అదిమి చూడాలి. లేత రంగు లైనింగు మీద తడి తగిలితే వెంటనే ముదురుతుంది. మెడ కింద, చంకలు, తోక మొదలు, తొడలు – ఈ నాలుగు చోట్లా ముక్క రంగు మారకపోతేనే ఆరినట్టు. ఆ పరీక్షతో కొలిచిన సమయాలు:

నూలు తువ్వాలు, బయట గాలి: 5 గంటలు దాటినా తోక మొదట్లో తడే.
నూలు తువ్వాలు, టేబుల్ ఫ్యాను: 2 గంటల 35 నిమిషాలు.
మైక్రోఫైబర్ తువ్వాళ్ళు రెండు (240 రూపాయలు), ఫ్యాను, గాలి తగులుతుండగా పాయలు తీస్తూ బ్రష్: 1 గంట 20 నిమిషాలు.

వేడిగాలి యంత్రం ఒక స్నేహితురాలి దగ్గర తెచ్చి చూశాను. చప్పుడుకే మల్లి వణికింది. చర్మం కాలే ప్రమాదమూ ఉంది. తిరిగి ఇచ్చేశాను.

తువ్వాలుతో రుద్దడం కూడా తప్పే. రుద్దితే కొత్త జడలు కడతాయి. అదమాలి, వదలాలి, ఇంకోచోట అదమాలి. కరెంటు పోయే అవకాశం ఉన్న సాయంత్రం స్నానం పెట్టుకోకూడదు. వారానికోసారి అనుకున్న స్నానం నెలకు ఒకటి చేశాను. దువ్వడం సరిగా జరిగితే అంతకన్నా అవసరం రావడం లేదు. వాన రోజుల్లో పాదాలు, పొట్ట మాత్రం తడిగుడ్డతో తుడిచి ఆరబెడుతున్నాను.

ఆ గంటా ఇరవై నిమిషాలు మొదట్లో ఇద్దరికీ శిక్ష. ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం, బయట వాన, ఫ్యాను ముందు పాయలు తీస్తుంటే మల్లి తల వెనక్కి తిప్పి నా మొహంలోకి చూసింది. పెదవి నాకలేదు, తెల్లగుడ్డు కనబడలేదు. మెత్తటి చూపు. కుక్కా, దాన్ని పెంచేవారూ ఇలా చూపులు కలుపుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ శాస్త్రజ్ఞులు 2015లో సైన్స్ పత్రికలో రాశారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోను అదే. జూన్‌లో నేను గుడ్లప్పగించి చూసింది ఆ చూపు కాదు. ఇది తను మొదలుపెట్టిన చూపు.

ఇప్పటికి: ఖర్చు 1,340. పూటలు 88. బొచ్చు 171 గ్రాములు. జడలు 0. తాడు లేని సమయం 7 నిమిషాలు.

ఐదో దశ: పిడుదులు (సెప్టెంబరు 6 – అక్టోబరు 10)

మా వైపు గోమార్లు అంటారు. చెవి లోపలి మడతలో, వేళ్ళ సందుల్లో, మెడ కింద వెతకాలి. మొదటి రోజు 17.

పిన్నిగారు కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఇచ్చారు, పేలకు అలాగే రాస్తారు కదా. మెడకు రాశాను. అరగంటలో నోటి నుంచి చొంగ, ఆ తరువాత వాంతి. వెంటనే షాంపూతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కర్పూరం కుక్కలకు విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది, ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. రాసింది కొంచెమే కాబట్టి రాత్రికి తేరుకుంది. పిన్నిగారు నాకన్నా ఎక్కువ బాధపడ్డారు, ఆవిడను ఏమీ అనలేదు. ఇంటింటా ఉన్న అలవాటు ఇది. ఇది చదివినవాళ్ళు ఒక్కరైనా మానితే చాలు.

ఎదురింటివాళ్ళు గేదెలకు కొట్టే మందు ఇస్తామన్నారు. దాని పాళ్ళు గేదె బరువుకు, గేదె చర్మానికి. వద్దన్నాను. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: పెర్‌మెత్రిన్ అనే పురుగుమందు కలిసిన కుక్కల మందు పిల్లులకు ప్రాణాంతకం, మందు రాసిన కుక్క పక్కన పిల్లి పడుకున్నా ప్రమాదమే.

తీయడం ఇలా: సన్నటి మొనల పట్టుకారు (60 రూపాయలు) చర్మానికి ఆనించి, పిడుదు మూతి దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. వేళ్ళతో చిదమవద్దు. తీసినవి మూత ఉన్న సీసాలో సబ్బు నీళ్ళల్లో వేయాలి.

వారం వారం లెక్క: 17, 11, 14. తీసినా తగ్గకపోవడానికి కారణం మల్లి ఒంటి మీద లేదు. ఈ పిడుదు జీవితంలో ఎక్కువ భాగం గడిపేది గోడ పగుళ్ళలో. రక్తం తాగి ఉబ్బిన ఆడపిడుదు కిందికి దిగి, నెర్రెల్లో వేల గుడ్లు పెడుతుంది. మల్లి పడుకునే వసారా మూల గోడ నెర్రెలో టార్చి వేసి చూస్తే పిడుదులు వరుసగా కనిపించాయి. మావారు నెర్రెలన్నీ గీకి సిమెంటు పూశారు (90 రూపాయలు). గోనెసంచులు మరిగే నీళ్ళల్లో ఉతికి ఆరేశాను. డాక్టరుగారు మల్లి బరువు చూసి, 8.4 కిలోలు, దానికి తగిన చుక్కల మందు ఇచ్చారు, 620. తరువాతి రెండు వారాలు: 3, 0.

ఈ వెతుకులాటలో లాభం ఇంకొకటి ఉంది. పిడుదు జ్వరం వచ్చిన కుక్క చిగుళ్ళు పాలిపోతాయి, తిండి మానేస్తుంది, ముక్కు నుంచి రక్తం కూడా రావచ్చు. రోజూ చెవులు, చిగుళ్ళు చూసే చేతికి తేడా ముందే తెలుస్తుంది. మల్లి చిగుళ్ళు లేత గులాబీ రంగులో ఎలా ఉంటాయో ఇప్పుడు నాకు కళ్ళు మూసుకున్నా కనబడుతుంది.

ఇప్పటికి: ఖర్చు 2,110. పూటలు 117. బొచ్చు 196 గ్రాములు. పిడుదులు 0. తాడు లేని సమయం 9 నిమిషాలు. బొమ్మలో ఎరుపు మిగిలింది పాదాలకే.

ఆరో దశ: గోళ్ళు (అక్టోబరు 11 – జనవరి 17)

గచ్చు మీద నడిస్తే టకటక చప్పుడు. ముందుకాలి మధ్యగోరు పొడవు 16 మిల్లీమీటర్లు. మొత్తం గోళ్ళు 18, అందులో 6 నల్లవి. తెల్లగోరులో రక్తనాళం గులాబీ గీతలా కనిపిస్తుంది. నల్లగోరులో కనిపించదు.

గోళ్ళ కత్తెర 250. అక్టోబరు 14న ఎడమ ముందుకాలి బొటనగోరు, అంటే పక్కన పైకి ఉండే గోరు, నల్లది, ఒకేసారి 3 మిల్లీమీటర్లు తీశాను. నాళం తెగింది. మొక్కజొన్న పిండి అద్ది శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాను, రక్తం ఆగడానికి 6 నిమిషాలు. ఆ వారంలోనే దీపావళి. బాణసంచాకు మల్లి రెండు రాత్రులు స్నానాలగదిలోంచి బయటికి రాలేదు. రెండు దెబ్బలూ కలిసి తాడు లేని సమయం 9 నుంచి 1కి పడిపోయింది. తొమ్మిది రోజులు పాదాల ఊసే ఎత్తలేదు, వీపు దువ్వడం మాత్రమే.

నేను కత్తిరించడం కాకుండా, తనే అరగదీసుకునే దారి పట్టాను. గరుకు పలక:

1. పాత చెక్క పలక, 60 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు. దాని మీద 80 నంబరు గరుకు కాగితం రెండు షీట్లు (40 రూపాయలు) జిగురుతో అంటించాలి. అంచులు లేవకూడదు.
2. కార్జం ముక్కను గుడ్డ కింద దాచి, ఆ గుడ్డను పలక మీద పెట్టాలి. ముందుకాలితో గోకగానే ఇంకొక ముక్క ఇవ్వాలి.
3. గోకడం అర్థమయ్యాక గుడ్డ తీసేసి, పలకను గోడకు ఏటవాలుగా ఆనించి పట్టుకోవాలి.
4. రోజుకు ఒక్కో కాలికి పది గోకుళ్ళు చాలు. ఎక్కువైతే అరికాలి మెత్త గీసుకుపోతుంది. మాకు రెండో రోజే గీసుకుంది, ఇరవై ఐదు గోకించాను. మూడు రోజులు ఆపాల్సి వచ్చింది.

ఐదు వారాల్లో ముందుకాళ్ళ గోళ్ళు 16 నుంచి 12 మిల్లీమీటర్లకు వచ్చాయి. గోరు కొద్దికొద్దిగా అరిగితే లోపలి నాళం కూడా వెనక్కి తగ్గుతుంది. ఒకేసారి కోస్తే ఆ అవకాశం ఉండదు.

వెనకకాళ్ళకు పలక పనిచేయలేదు. వాటికి కత్తెరే, రోజుకు ఒకటే గోరు, ఒక మిల్లీమీటరు. నల్లగోరు కోసిన ముఖం చూడాలి. పొడిగా, సుద్దలా ఉన్నంతవరకు ఫరవాలేదు. మధ్యలో ముదురు చుక్క కనిపిస్తే ఆగిపోవాలి. డిసెంబరు 9 నాటికి ఎనిమిది వెనక గోళ్ళూ ఒక విడత పూర్తయ్యాయి, ఒక్క చుక్క రక్తం లేకుండా.

కనుమ. జగ్గన్నతోట తీర్థానికి, అంటే కనుమనాటి జాతరకు, వెళ్ళే ప్రభ (రంగుబట్టలతో అలంకరించి మోసుకెళ్ళే ఎత్తైన వెదురు చట్రం) మా వీధి నుంచే కదులుతుంది. డప్పులు, బాణసంచా. దీపావళి నాటి తప్పు మళ్ళీ చేయలేదు. ముందే మధ్యగదిలో కిటికీలు మూసి, పీట, గోనెసంచి అక్కడే వేసి, మిషను తొక్కుతూ కూర్చున్నాను. ఆ చప్పుడు దానికి రోజూ వినే చప్పుడు. ప్రభ గుమ్మం దాటుతున్నప్పుడు మల్లి వచ్చి పీట మీద గడ్డం పెట్టింది. కార్జం లేదు, నా చేతిలో బ్రష్ కూడా లేదు. మిషను ఆపి చేత్తోనే చెవి వెనక నిమిరాను. డప్పులు దూరమయ్యేదాకా 14 నిమిషాలు.

ఇప్పటికి: ఖర్చు 2,400. పూటలు 171. బొచ్చు 243 గ్రాములు. తాడు లేని సమయం 14 నిమిషాలు. స్తంభానికి కట్టిన ఆ పొట్టి తాడు ఇంకా అటక మీదే ఉంది, నడకకు వేరేది మల్లిని అప్పగించినవాళ్ళు ముందే ఇచ్చారు.

జనవరి 17. మిగిలింది ముందుకాళ్ళ బొటనగోళ్ళు. అవి నేలకు ఆనవు, పలకకూ అందవు, వదిలేస్తే వంకర తిరిగి చర్మంలోకి గుచ్చుకుంటాయి. కుడిది 12వ తేదీన ఒక మిల్లీమీటరు తీశాను. ఎడమది, అక్టోబరులో నేను రక్తం తెప్పించినది, 19 మిల్లీమీటర్లు ఉంది. ఈ పూట కత్తెరను ఆ గోరుకు మూడుసార్లు తాకించాను, కోయలేదు. రెండుసార్లు కాలు అలాగే ఉంచింది. మూడోసారి వెనక్కి తీసుకుంది. కత్తెర సంచిలో పెట్టేశాను. నెలాఖరుకు ఒప్పుకోకపోతే ఆ ఒక్క గోరూ డాక్టరుగారి చేత తీయిస్తాను.